నత్తనడక పందెం

ఉదయం ఐదూ నలభైకి మొదటి బస్సు బయలుదేరుతుంది. అంతకు పది నిమిషాల ముందే కంట్రోలర్ డిపోలోని తన గది తాళం తీసి, కుర్చీ తుడుచుకుని, గోడ గడియారాన్నీ చేతి గడియారాన్నీ పక్కపక్కన పెట్టి సరిచూసుకుంటాడు. ఇక రోజంతా ఆయనకు ఒకటే పని, బస్సుల్ని టైముకి పంపడం. డ్రైవర్ల షీట్ల మీద సంతకం పెడతాడు, విజిల్ ఊదుతాడు. సంచులు పట్టుకుని పరుగెత్తుకొచ్చే ప్రయాణికుల వంక మాత్రం చూడడు. చూస్తే ఆపాలనిపిస్తుంది.

సాయంత్రం ఇంటికి పోయి, ఒక గిన్నెలో వండుకుని, అదే గిన్నెలో తిని, కడిగి బోర్లిస్తాడు. రేడియో పెడతాడు గానీ వినడు. పక్కింటివాళ్లు పలకరిస్తే పలుకుతాడు, లేకపోతే లేదు.

ఏడాదికి రెండే రోజులు సెలవు పెడతాడాయన, ఒక శనివారం, దాని మర్నాటి ఆదివారం. ఆ రెండు రోజులూ ఊళ్లో నత్తనడక పందెం.

ఆ పందెం ఆయన కూతురి పేరు మీద జరుగుతుంది. పిల్ల నడకే అంత. బడికి పది నిమిషాల దారి ఆ పిల్లకు ముప్పావుగంట పట్టేది. చీమల బారు కనిపిస్తే కూర్చునేది, తలుపు మీద రంగు పెచ్చులూడితే గోకి చూసేది. తండ్రి నాలుగు అడుగులు ముందుండి, "ఏంటమ్మా ఆ నత్తనడక? టైమవుతోంది, నడు నడు" అంటూ ఉండేవాడు. నత్త అంటే ఏంటని ఒకరోజు అడిగింది. పెరట్లో తడి గోడ మీద పాకుతున్న ఒకదాన్ని తల్లి చూపించింది. దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్న పిల్ల అది గోడ చివరికి చేరేదాకా లేవలేదు. ఆ మర్నాటి నుంచి నాన్న నత్తనడక అంటే పొగిడినట్టు నవ్వేది.

బడిలో వేషాల పోటీకి తల్లి ఆ పిల్లకు నత్తగుల్ల కుట్టిపెట్టింది. ఆమె దర్జీ. ఎవరిదో కోటు కుట్టగా మిగిలిన నీలం గుడ్డ సుడులు తిప్పి, లోపల దూది కూరి, భుజాలకు తగిలించుకోడానికి రెండు పట్టీలు పెట్టింది. పోటీ అయిపోయినా పిల్ల దాన్ని విప్పనంది. ఆ నెలలో జరిగిన ఆటల పోటీలకీ దాంతోనే వెళ్లింది. పరుగుపందెంలో అందరూ గీత దాటేసరికి పిల్ల ఇంకా మైదానం అవతలి కొసనే ఉంది, దేన్నో చూస్తూ వంగి కూర్చుని. గీత దగ్గర నిలబడతానని మాటిచ్చిన తండ్రి అక్కడే ఉన్నాడు. గడియారం చూసుకున్నాడు. నాలుగింటి బస్సు పంపాలి. కాసేపు అటూ ఇటూ కదిలాడు. ఆఖరికి వెళ్లిపోయాడు.

ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. మూడు నెలల తర్వాత పిల్లకు జ్వరం వచ్చింది. రక్తంలో ఏదో ఉందన్నారు. పదకొండు రోజులు హాస్పిటల్లో ఉంది, మళ్లీ ఇంటికి రాలేదు. అప్పటికి ఏడేళ్లు.

తర్వాత ఏడాది తిరగక ముందే ఆయన పందెం మొదలుపెట్టాడు. డిపో గేటు నుంచి బడి గేటు దాకా మూడు కిలోమీటర్లు. అందరూ వీపుకి గుల్ల తగిలించుకోవాలి. శనివారం బడి హాల్లో కూర్చుని అట్టలతో, పాత గుడ్డలతో గుల్లలు చేసుకుంటారు, ఆదివారం నడుస్తారు. ఆఖరున వచ్చినవాళ్లకే కప్పు. ఆఖరి మనిషి వచ్చేదాకా గీత దగ్గర ఒకరు నిలబడే ఉండాలన్నది ఒక్కటే నియమం. ఆ నిలబడేది కంట్రోలరే. ఎండైనా వానైనా అక్కణ్ణుంచి కదలడు.

పందెం ప్రకటించిన వారానికి తల్లి ఇల్లు వదిలి వెళ్లింది. గొడవేం జరగలేదు. కుట్టుమిషను, రెండు పెట్టెలు రిక్షాలో వేసుకుని, ఊరికి అవతల లాండ్రీ సందులో మూడో అంతస్తులో ఒక గది అద్దెకు తీసుకుంది. నత్తగుల్ల మాత్రం తలుపు వెనక మేకుకే ఉండిపోయింది.

మొదటి పందెం ఆదివారం, తెల్లారి ఆయన గుమ్మం దాటి తలుపు వేయబోతుంటే మేకు మీది గుల్ల కిందికి దిగింది. నేలకు రెండున్నర అడుగుల ఎత్తున, ఏడేళ్ల పిల్ల వీపు ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తున ఆగింది. పట్టీలు లోపల భుజాలున్నట్టు గుండ్రంగా నిండి ఉన్నాయి. ఆయన తలుపు పట్టుకుని నిలబడి, అది బయటికొచ్చాక తాళం వేశాడు. డిపో గేటు దగ్గర జనం పక్కకు జరిగి చోటిచ్చారు. దారిలో నీళ్లిచ్చే పని చూసుకుంటున్న పళ్ల డాక్టరు, "దీనికి నంబరు ఇచ్చారా?" అని అడిగాడు. ఇవ్వలేదని తెలిసి తనే ఒక నంబరు గుడ్డ తెచ్చి పిన్నులతో గుచ్చాడు.

ఆ ఏడు గుల్ల అందరికన్నా ఆఖరున, పది నిమిషాల వెనక వచ్చింది. మరుసటి ఏడు అరగంట. అక్కణ్ణుంచి ఏటేటా ఆలస్యం పెరుగుతూ పోయింది. చూడాల్సినవి ఎక్కువయ్యాయేమోలే అని పళ్ల డాక్టరు అన్నాడు. గీత దాటాక కంట్రోలర్ దాంతో కలిసి ఇంటికి నడిచేవాడు. గుమ్మం లోపలికి రాగానే అది మళ్లీ మేకెక్కేది. ఆ తర్వాత ఏడాదంతా దానికి కదలికే ఉండదు. దుమ్ము పడితే ఆయనే దులిపేవాడు.

ఒకటి మాత్రం మారలేదు. గుల్ల ఎత్తు పెరగలేదు. పిల్లతో చదివినవాళ్లు బారెడు బారెడు ఎదిగి, గొంతులు మారి, పందేనికి రావడం మానేశారు. మొదటి ఏడు నాలుగొందలమంది నడిచారు. తర్వాత రెండొందలు, తొంభై. ఎవరి తప్పూ లేదు, ఎవరి పనులు వాళ్లవి. ఆరో ఏడు శనివారం హాల్లో అట్టముక్కలు, జిగురు డబ్బాలు నలభై బల్లల మీద సర్దిపెట్టుకుని కంట్రోలర్ పొద్దుటి నుంచీ కూర్చున్నాడు. సాయంత్రానికి తొమ్మిది బల్లలు నిండాయి. మిగతా బల్లల మీది కత్తెరలు ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేసుకున్నాడు.

అప్పుడే ట్రాఫిక్ కానిస్టేబుల్ అనుమతి కాయితం తెచ్చింది. ఆ ప్రాంతానికి కొత్తగా వచ్చిన మనిషి, ముప్పై ఏళ్లుంటాయి.

"రేపు పదకొండు వరకే సార్ రోడ్డు మూసేది" అంది. "పోయినేడు రెండింటి దాకా మూశారట. పైనుంచి కంప్లయింటు."

"ఆఖరి మనిషి రావాలి కదా."

"అది కూడా చెప్పారు నాకు. కాస్త త్వరగా రమ్మని చెప్పలేరా?"

కంట్రోలర్ ఆమె వంక చూశాడు. "చెప్పను" అన్నాడు.

ఆమె కాయితం బల్ల మీద పెట్టింది. ఆయన సంతకం చేశాడు.

ఆదివారం ముప్పై ఏడుమంది వచ్చారు. విజిల్ వేశాక ఆయన సైకిలు మీద అడ్డదారిన బడి గేటుకి వెళ్లి గీత దగ్గర నిలబడ్డాడు. రోడ్డుకి అడ్డంగా పొడుగాటి గుడ్డ బేనరు వేలాడుతోంది. తొమ్మిదిన్నర నుంచి ఒక్కొక్కరే గుల్లలు మోసుకుంటూ రావడం మొదలుపెట్టారు. నీలం గుల్లని కప్పు లెక్కలో కలపరు గనక ఆఖరి చోటు కోసం బేకరీ యజమానికీ బడి లెక్కల టీచరుకీ గట్టి పోటీ నడిచింది. గీతకు గజం దూరంలో ఇద్దరూ ఆగిపోయి, "మీరు కానివ్వండి" అంటే "అబ్బే, మీరే కానివ్వండి" అని పావుగంట నిలబడ్డారు. చివరికి టీచరుకి తుమ్మొచ్చి ముందుకి తూలాడు. కప్పు బేకరీ ఆయనకు దక్కింది. కమలాపండ్లు తిని, ఫొటోలు దిగి, పదిన్నరకల్లా అందరూ సర్దుకున్నారు. "ఉండమంటే ఉంటాం" అన్నారు ఇద్దరు ముగ్గురు. వద్దన్నాడు.

పదకొండైంది. రోడ్డు ఖాళీగా ఉంది. తొక్కలు, నలిగిన కాయితం గ్లాసులు, బేనరు కింద ఒక మనిషి.

కానిస్టేబుల్ వచ్చి పక్కన నిలబడింది. టైము చెప్పలేదు. ఆయనకు తెలుసని ఆమెకు తెలుసు.

పది పన్నెండు నిమిషాల తర్వాత పళ్ల డాక్టరు ఖాళీ నీళ్ల డబ్బా ఊపుకుంటూ వచ్చాడు.

"నా దగ్గరికి రాలేదయ్యా అది" అన్నాడు. "రోజూ నీళ్లు తాగే చోటు, కాదు కాదు, ఏటా తాగే చోటు. సగం గ్లాసు పోసి పెట్టా. దూరాన్నుంచి వస్తుంటే చూశాను. లాండ్రీ మూల దగ్గర ఒక పక్కకు ఒరిగిపోయింది. కాసేపు అలాగే నిలబడి, సందులోకి తిరిగింది."

"సందులోకా?"

"సందులోకే. నేను ఓ అరగంట చూశా. మళ్లీ రాలేదు."

ఆ సందులో ఎవరున్నారో పళ్ల డాక్టరుకీ తెలుసు. డబ్బా కింద పెట్టి, బూటు లేసు కట్టుకునే వంకతో వంగాడు.

కంట్రోలర్ రోడ్డు వంక చూస్తూ నిలబడ్డాడు.

"వెళ్లి చూడండి సార్" అంది కానిస్టేబుల్.

"నేను ఇక్కణ్ణుంచి కదలకూడదు మేడమ్."

"ఎందుకని?"

"ఒకసారి కదిలాను."

ఆమె బారికేడు ఒకటి లాక్కొచ్చి రోడ్డు మధ్యలో పెట్టి, అవతలి సగం తెరిచి, ఆగిన బండ్లని చేత్తో వదిలింది. తిరిగొచ్చి తెల్లగీత మీద బూట్లు ఆనించి నిలబడింది.

"నా డ్యూటీ మూడింటి దాకా" అంది. "ఎక్కడ నిలబడాలో కాయితంలో రాయలేదు. ఇక్కడ నిలబడతా. మీరు వెళ్లండి."

ఆరేళ్లలో పందెం జరుగుతుండగా ఆయన ఆ దారిన నడవడం అదే మొదటిసారి. వంతెన దాటి, పార్కు గోడ వెంట, పందేనికి ఎదురుదిశలో నడిచాడు. సందు మొదట్లో ఆవిరి వాసన. ఏటా ఇక్కడిదాకా వచ్చి, ఆ మేడ మెట్ల కింద ఉత్తరాల పెట్టెలో పందెం కాయితం వేసి, చప్పుడు కాకుండా వెళ్లిపోవడం ఆయనకు అలవాటే. మెట్లు మాత్రం ఎప్పుడూ ఎక్కలేదు. ఇప్పుడు మెట్ల మీద అక్కడక్కడా దూది పింజలున్నాయి. రెండో అంతస్తు మలుపులో కాస్త ఎక్కువ పడ్డాయి, అక్కడ కాసేపు ఆగినట్టుంది.

తలుపు తెరిచే ఉంది. ఆమె మిషను ముందు కూర్చుని ఉంది. గుల్ల సూది కింద ఉంది.

"కూర్చోండి" అంది, తల తిప్పకుండా. "దారం ఎక్కిస్తున్నా."

గది చిన్నది. ఒక మంచం, ఒక స్టూలు, గోడకు వరసగా ఎవరెవరివో బడిపిల్లల యూనిఫాంలు. ఆయన మంచం అంచున కూర్చున్నాడు. ఆమె జుట్టు చెవుల దగ్గర తెల్లబడింది. కళ్లద్దాలు వచ్చాయి. అవి ఎప్పుడు వచ్చాయో ఆయనకు తెలీదు.

"ఎడమ పట్టీ ఊడింది" అంది ఆమె. "అప్పుడు ఒంటి కుట్టే వేశాను. ఒక్కరోజు వేషం కదా, అదెంతలే అనుకున్నా. ఇన్నేళ్లు మోస్తుందని నాకేం తెలుసు."

మిషను కాసేపు నడిచింది. ఆగింది.

"నువ్వు ఎప్పుడూ రాలేదు" అన్నాడాయన.

"మీరు పిలవలేదు."

"ఏటా కాయితం వేశాను."

"వేశారు. తేదీ, టైము, ఎక్కణ్ణుంచి ఎక్కడికి. ఊరంతా పంచిన కాయితమే. బస్సుల టైం పట్టికలాగే ఉంది."

ఆయన చేతులు చూసుకున్నాడు. కింద లాండ్రీలో ఏదో యంత్రం గిరగిరా తిరిగి నెమ్మదించింది. అప్పుడు చెప్పాడు. ఆరేళ్లుగా గొంతులో పెట్టుకున్న మాట, చెబుతుంటే రెండు ముక్కలే అయింది.

"ఆటల పోటీ రోజు గీత దగ్గర నేను లేను. అది వచ్చేలోపే వెళ్లిపోయాను."

"తెలుసు."

ఆయన తలెత్తాడు.

"ఆ సాయంత్రమే చెప్పింది" అంది ఆమె. "నాన్న లేడమ్మా, నాలుగింటి బస్సుంటుందిగా అంది. బిస్కెట్లు తింది. ఆడుకోడానికి పోయింది. దానికి కోపం రాలేదు. వచ్చింది నాకు. మీరే చెబుతారని చూశాను. హాస్పిటల్లో చెబుతారనుకున్నా. అంతా అయ్యాక చెబుతారనుకున్నా. మీరు చెప్పలేదు, పందెం పెట్టారు. నాలుగొందల మందిని పోగేశారు. ఆ మాట వినాల్సింది వాళ్లు కాదు కదండీ."

ఆమె కుడి పట్టీ కూడా విప్పి, రెండు కుట్లు వేసింది. పక్క గుడ్డసంచిలోంచి దూది తీసి, చప్పబడిన చోట కూరింది. దారం పళ్లతో తెంపి, గుల్లని రెండు చేతులా పట్టుకుని రెండున్నర అడుగుల ఎత్తున గాల్లో ఉంచింది. పట్టీలు నెమ్మదిగా నిండాయి. ఆమె చేతులు వెంటనే తీయలేదు. భుజాలు ఉండాల్సిన చోట అరచేతులు ఆనించి కొంచెంసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత వదిలేసింది.

గుల్ల మెట్లు దిగసాగింది. ఒక్కో మెట్టు మీద రెండుసార్లు ఊగుతోంది, చిన్నపిల్లలు ఒకే మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి దిగినట్టు. ఆమె చెప్పులేసుకుంది. తలుపుకి తాళం వేసి ఆయన వెనకే దిగింది.

ఇన్నేళ్లూ ఆయన గుల్ల గీత దగ్గరికి రావడమే చూశాడు, పందెం దారిలో ఎలా నడుస్తుందో చూడలేదు. లాండ్రీ అద్దం ముందు ఆగింది. లోపల నురగలో బట్టలు తిరుగుతున్నాయి. ఒక చుట్టు పూర్తయ్యేదాకా కదల్లేదు. తాళాలు బాగుచేసే బల్ల ముందు ఆగింది. పార్కు గోడకి బీట వారిన చోట చాలాసేపు ఆగింది. కంట్రోలర్ కూడా వంగి చూశాడు. బీటలో గడ్డిపోచ, దానికి ఒక నీటిచుక్క, అంతే. అయినా మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని గుల్ల కదిలేదాకా వంగే ఉన్నాడు. నీళ్ల బల్ల మీద పళ్ల డాక్టరు పోసి ఉంచిన సగం గ్లాసు అలాగే ఉంది. వాళ్లు అది దాటి వచ్చేసరికి ఖాళీ అయింది.

వంతెన మీద అలవాటుగా ఆయన చెయ్యి గడియారం వైపు లేచింది. ఆమె చూసింది.

"ఎంతయింది?"

"రెండూ ఐదు."

"ఏ బస్సు?"

"స్టేషన్ బస్సు. రెండింటికి. ఈపాటికి ఈ రోడ్డు దాటిపోయి ఉండాలి."

స్టేషన్ బస్సు దాటిపోలేదు. బడి గేటు ముందు నిండా జనంతో, ఇంజను ఆపుకుని నిలబడి ఉంది. వాళ్లు మలుపు తిరగడం చూసి కానిస్టేబుల్ రోడ్డు రెండు పక్కలా మూసేసింది. ఎండకు ఆమె మొహం కందిపోయింది. బూట్లు గీత మీదే ఉన్నాయి. గుల్ల రోడ్డు మధ్యన, దేన్నో వెతుకుతున్నట్టు అటొక అడుగు ఇటొక అడుగు వేస్తూ వస్తోంది. బస్సులో కిటికీల పక్కన కూర్చున్నవాళ్లు మెడలు చాచి చూస్తున్నారు. హారను ఎవరూ కొట్టలేదు.

డ్రైవరు కంట్రోలర్‌ని గుర్తుపట్టి తల బయటపెట్టాడు.

"సార్, పదిహేను నిమిషాలు లేటు. షీట్లో ఏం రాయమంటారు?"

"లేటని రాయి."

"కారణం గడి ఉంది కదా సార్."

కంట్రోలర్ గుల్ల వంక చూశాడు.

"మా పాప దాటుతోందని రాయి" అన్నాడు. "సంతకం నేను పెడతా."

డ్రైవరు చెవి వెనక పెన్సిలు తీసి రాసుకున్నాడు.

గుల్ల గీత దాటింది. వెనక తల్లి దాటింది. ఆ వెనక కంట్రోలర్. కానిస్టేబుల్ తన చిన్న పుస్తకంలో టైము వేసుకుని, బారికేడ్లు పక్కకు లాగి, బస్సుకి చెయ్యి ఊపింది. బస్సు వెళ్లింది. వెనక కార్లు, సైకిళ్లు వెళ్లాయి. రోడ్డు మామూలు రోడ్డయిపోయింది.

"ఇంకెవరైనా రావాలా సార్?" అని అడిగింది.

"లేదు మేడమ్. అందరూ వచ్చారు."

ఆమె టోపీ సర్దుకుని వెళ్లిపోయింది.

ఇక మిగిలింది బేనరు. ఆయన స్టూలెక్కి రెండు కొసలూ విప్పాడు. అంత పొడుగు గుడ్డ రోడ్డు మీద కుప్పగా పడింది. ఏటా చేసినట్టే ఒక కొస పట్టుకుని చుట్టడం మొదలుపెట్టాడు. మిగతాదంతా దుమ్ములో ఈడ్చుకుంటూ వస్తోంది.

"అలా చుడితే పాడైపోతుంది" అంది ఆమె.

రెండో కొస తనే తీసుకుంది. నాలుగు గజాలు వెనక్కి నడిచి గుడ్డని బిగించి పట్టుకుంది. "అంచుకి అంచు కలపండి. అటు కాదు, మీ కుడిచేతిది. ఆ." ఆయన కలిపాడు. గుడ్డ సగమైంది. ఆమె రెండడుగులు ముందుకొచ్చి తన కొసలు ఆయన చేతిలో పెట్టి, కింద వేలాడే మడతని అందుకుని మళ్లీ వెనక్కి వెళ్లింది. మళ్లీ వచ్చింది. వెళ్లిన ప్రతిసారీ దూరం ఇంకాస్త తగ్గింది. చివరికి ఇద్దరి మధ్యా దిండంత మడత మిగిలింది.

ఆమె దాన్ని చంకలో పెట్టుకుని అంచు తడిమి చూసింది.

"దుమ్ములో ఈడ్చి ఈడ్చి అంచంతా పోగులు లేచింది. కుట్టి పంపిస్తా."

"పంపొద్దు" అన్నాడాయన. "కుట్టేదాకా కూర్చుంటా."

"చాలా పొడుగుంది. పొద్దుగూకుతుంది."

"పర్లేదు."

ఆమె మడతని రెండో చంకకి మార్చుకుంది. ఏటా ఈపాటికి గుల్ల ఆయన ఇంటి దారి పట్టేది. ఈసారి అప్పటికే వంతెన మీదికి చేరి, లాండ్రీ సందు వైపు నడుస్తోంది, కమ్మీల సందుల్లోంచి నీళ్లలోకి చూసుకుంటూ. వాళ్లిద్దరూ దాని వెనకాల బయలుదేరారు. సైకిలు బడి గోడకే ఉండిపోయింది.